పాపయ్య తెచ్చిన శాలువా

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో పాపయ్య మెస్ అంటే పోటీపరీక్షలకు చదివే తెలుగు పిల్లలందరికీ తెలుసు. పప్పులో ఉప్పెక్కువైందంటే, "ఇంకో గరిటె అన్నం కలుపుకో, సరిపోద్ది" అంటాడు. నేను పరీక్షలు వదిలేసి నోయిడాలో ఉద్యోగంలో చేరినా ఆదివారాలు అక్కడే తింటాను. పాపయ్య మహా మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఆయనది నల్లగుండ్లపాడు. ఆ ఊరి కొండను తొలిచి అణువిద్యుత్ కేంద్రాల వ్యర్థాలను పాతిపెడతారని కబురొచ్చింది. కొండ కిందే అందరి పొలాలూ, పాపయ్య అక్క ఆదెమ్మ పొలంతో సహా. ఆమె ఊరివాళ్లను కొందరిని వెంటేసుకుని రైలెక్కి వచ్చి జంతర్ మంతర్ దగ్గర శిబిరం వేసింది. సాయంత్రం కాగానే పోలీసులు లేపేస్తారు, పొద్దున్నే మళ్లీ పట్టాలు పరుచుకోవాలి. పాపయ్య రోజూ ఆటోలో పులిహోర, మజ్జిగ పట్టుకెళ్లేవాడు. వారాలు గడిచినా పట్టించుకున్న నాథుడు లేడు.

చివరికి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసింది. పాపయ్య కరోల్ బాగ్ పరుగెత్తి జరీ అంచు శాలువా, పూలదండ కొనుక్కొచ్చాడు.

"కొట్లాడటానికొచ్చి శాలువాలేందిరా?" అంది ఆదెమ్మ.

"నీకు తెలవదక్కా. పెద్దోళ్లను ఉత్త చేతుల్తో కలుస్తామా? మన శాలువా కప్పుకొని మన అన్నం తిన్నోడు మనకి కీడు చెయ్యడు."

ఢిల్లీ చూసినవాడు కదా అని ఆమె సరేనంది.

ఆఫీసరు వచ్చాడు. ఫొటోకు అడ్డంగా ఉన్నాయని నినాదాలు రాసిన అట్టలూ బ్యానరూ పాపయ్యే పక్కన పెట్టించాడు. అక్క చేత శాలువా కప్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మహానుభావుడు పులిహోర మారు వడ్డించుకుని తిని, "అచ్ఛా, దేఖేంగే", అంటే చూద్దాంలే అని కారెక్కాడు.

వారం తిరక్కుండా ఆ ఫొటో హిందీ పేపర్లో పడింది. 'ప్రాజెక్టుకు గ్రామస్థుల అంగీకారం, అధికారికి సన్మానం' అని రాశారు. చదివి చెప్పాల్సిన ఖర్మ నాకే పట్టింది. పాపయ్య నమ్మలేక మళ్లీ చదవమన్నాడు. నేను ఆ ఆఫీసరును నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం లాభం? ఎద్దు పుండు కాకికి ముద్దు. మర్నాడు శిబిరానికి అనుమతి అడిగితే, "మీరు ఒప్పుకున్నారుగా, ఇంకా ఎందుకు?" అని పోలీసులు పంపేశారు.

ఊరెళ్లాక ఆదెమ్మను పలకరించినవాళ్లు లేరు. కొండను అమ్మేసిన మనిషన్నారు. ఎండాకాలంలో తవ్వకం మొదలైంది. ఆ రోజు పాపయ్య భయపడుతూనే అక్కకు ఫోన్ చేశాడు. నేను పక్కనే తింటున్నాను, ఆమె గొంతు నాకూ వినబడుతోంది.

"తప్పు నాదని చెప్పక్కా ఊళ్లో," అన్నాడు.

"ఒక్క కొండ పోయింది చాల్లేరా," అంది ఆదెమ్మ. "రేపు నువ్వన్నా ఊళ్లోకి రావాలిగా. శాలువా నేనే కొన్నానని చెప్పా."