చీపురు గీతల వీధి

నా చెల్లెలు మొక్కు తీర్చుకున్నది పోయిన ఆషాఢంలో, రెండో మంగళవారం. ఆమెకు అరవై ఆరు, నాకు డెబ్బై ఒకటి. నాకు గుండె ఆపరేషన్ జరిగిన రోజున, నేను బతికి ఇంటికి వస్తే తమ ఊరి గంగమ్మ గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతానని మొక్కుకుందట. నాకు ముందే చెప్పి ఉంటే వద్దనేదాన్ని. ఆ గుడి చుట్టూ ఉన్న సిమెంటు రోడ్డు నేను డిజైన్ చేసిందే.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసినవన్నీ కాంక్రీటు రోడ్లే. అది చివరిది. చిత్తూరు దగ్గర ఉన్న ఆ ఊళ్ళో గుడి వీధి బాగా వాలుగా ఉంటుంది. వాన పడితే పాలబండ్లు జారి పడేవి. అందుకని పచ్చి కాంక్రీటు మీద గట్టి చీపురుతో అడ్డంగా గీతలు లాగించాను. టైరుకు పట్టు దొరకాలంటే గీత ఒకటిన్నర మిల్లీమీటరు లోతు ఉండాలి. గుడి వెనక మలుపులో ఒక కాంక్రీటు పలకకు లోతు చాలలేదని, బిగుసుకోకముందే దానికి మళ్ళీ చీపురు పట్టించాను, ఇంకా గట్టిగా. బండి బరువు, వాలు, వాన, ఎండ అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. ఆ వీధిలో ఏటా ఆడవాళ్ళు పొర్లడం చెల్లెలి పెళ్ళయిన ఏడే చూశాను. అది మాత్రం లెక్కలోకి రాలేదు.

ఆ మంగళవారం పొద్దున్నే చెల్లెలు తలమీద నీళ్ళు పోసుకుని, తడిచీరతో గుడి ముందు పడుకుంది. పక్కన నేను చెంబుతో నీళ్ళు చల్లుతూ నడిచాను. మొదటి మలుపు తిరిగేసరికి మోచేతులు ఎర్రబడ్డాయి. రెండో మలుపు దగ్గర నెత్తురు కనిపించింది.

"లేయ్ మే, చాలు," అన్నాను.

"నువ్వు బతకాలని మొక్కినా గదక్కా. సగంలో లేస్తే సగమే బతుకుతావా?"

వెనక వస్తున్న ఆడవాళ్ళలో ఒక ముసలామె నిట్టూర్చింది. "మట్టి వీధప్పుడు దుమ్ము అంటేది, అంతే. ఇప్పుడు తోలే లేస్తా ఉండాది. ఎవురేసినారో గానీ ఈ రోడ్డు!"

"ఈమే ఏసింది పెద్దమ్మా, బాగా సూడు!" అంది చెల్లెలు కిందినుంచే. అందరూ నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ముందున్నది నేను రెండుసార్లు చీపురు పట్టించిన పలక. ఎదురింటి తిన్నె మీద ఆరేసిన దుప్పటి లాక్కొచ్చి దాని మీద పరిచాను. చెల్లెలు ఆగి, అరచేత్తో దాన్ని పక్కకు నెట్టింది.

"తియ్యక్కా. దీని మీద పొర్లితే దుప్పటికి మొక్కినట్టు, గంగమ్మకు కాదు."

దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాను. పని జరుగుతున్నంతసేపూ కన్ను తిప్పని మనిషినని ఆఫీసులో నాకు పేరు. చెల్లెలు ఆ పలక దాటేదాకా గుడిగోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక ఆమె చేతులకు వెన్న రాశాను. రాయించుకుంటూ తనే అంది.

"ఇన్నేళ్ళలో ఒక్క పాలబండి అయినా జారిందా అక్కా? ఊరుకో. నీ ఒళ్ళు మాత్రం జాగ్రత్తగా సూసుకో. మళ్ళా పొర్లాలంటే నా చేత కాదు."

సరేనన్నాను. ముంజేతి మీద ఎర్రటి గీతలు వరసగా తేలి ఉన్నాయి. అలవాటు పోక, వాటి మధ్య ఎడం చూశాను. ఎక్కడా తేడా రాలేదు.