కూతకు ముందు రాసిన నూనె

రెడ్డిగూడెంలో ఉదయం ఏడింటికి తిరువూరు బస్సు ఎక్కాం, నేనూ మా అమ్మాయి సలోమీ. ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు గానీ, ఆధార్ కార్డు మరిచిపోకండి. సలోమి ఆ రోజు కబడ్డీ ఆడాలి. ఫైనల్ చూసి ఇద్దరు పిల్లల్ని క్రీడా హాస్టలుకు ఎంపిక చేస్తారని పీఈటీ సార్ చెప్పారు. అందుకని మా చర్చి సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె సీసా నా సంచిలో ఉంది.

మామిడికాయల బస్తా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మా ప్రయాణం సంగతి అడిగింది. చెప్పాను.

"కబడ్డీనా! అందర్నీ తన్ని వచ్చే పిల్లకి మొగుడెవడు దొరుకుతాడే?"

"దొరికితే పట్టు వదలనులే మామ్మా," అంది సలోమి. ఎ.కొండూరు దాటేదాకా బస్సులో నవ్వులే.

తిరువూరు బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో మైదానానికి చేరాం. అక్కడ టెంటు దగ్గర ఆగిపోయాను. పిల్లలు చాపల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఒకావిడ వాళ్ల పిక్కల మీద రెండు చేతులతో టపటపా కొడుతోంది. నాగమణి గారని, ఆటగాళ్లకు మసాజ్ చెయ్యడానికి విజయవాడ నుంచి పిలిపించారట.

"ఏంటండీ ఇది, పిల్లల్ని కొడతారా?"

"కొట్టడం కాదండీ, లేపడం. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మెల్లగా పిసుకుతూ కూర్చుంటే కాళ్లు నిద్రపోతాయి," అందావిడ నవ్వుతూ.

ఆవిడ చేతులు పొడిగా ఉన్నాయి. పాపం, నూనె తెచ్చుకోలేదు కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నం సెమీఫైనల్ గెలిచాం. సలోమి పిక్క బిగుసుకుపోయింది. నాగమణి గారు దాన్ని వదులు చేసి వేరే పిల్ల దగ్గరికి వెళ్లారు. నేను సీసా తీశాను. మోకాళ్ల నుంచి మడమల దాకా నూనె రాసి, చేతులుంచి ప్రార్థన చేశాను. సలోమి ఆమెన్ అంది.

ఫైనల్‌కు ముందు రిఫరీ పిల్లల గోళ్లు, కాళ్లూ చేతులూ తడిమి చూశారు. మా ఊరి ఆటల్లో ఇలా ఎవరూ చూడరు. ఆయన సలోమి దగ్గర ఆగారు. అవతలి కెప్టెన్ కూడా వచ్చి ముట్టుకుంది.

"సార్, చేపలాగా జారుతోంది! నూనె రాసుకొచ్చింది. దొంగాట!"

దొంగాట! ఆ మాట నా కూతుర్నా! "ప్రార్థన నూనె సార్," అన్నాను పరుగెత్తి.

"ఏ నూనైనా జారుతుందమ్మా. కూతకొచ్చిన పిల్లని వాళ్లెలా పట్టుకుంటారు? కడిగి తీసుకురండి. లేదంటే వేరే పిల్లని దింపండి."

ప్రార్థించి రాసిన నూనెను సబ్బుతో కడగడమా! అలాంటి మాట నా జన్మలో వినలేదు.

"అమ్మా, నువ్వు వద్దంటే ఆడను," అంది సలోమి.

నాగమణి గారు సబ్బు తెచ్చారు. "నన్ను కడగమంటారా అండీ?"

"వద్దండీ. నేనే."

కుళాయి దగ్గర మోకరించాను. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి సండేస్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో నాకెప్పుడూ తోచలేదు. నాగమణి గారు తువ్వాలుతో తుడిచి, పిక్కల మీద నాలుగు చరిచి పంపారు.

ఆఖరి కూతలో సలోమి గీత దాకా వచ్చింది. అవతలి కెప్టెన్ చీలమండ అందుకుంది. చెయ్యి జారలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తర్వాత మైకులో చదివిన రెండు పేర్లలో సలోమి పేరు లేదు.

సాయంత్రం ఐదున్నరకు తిరుగు బస్సులో చోటు సులువుగా దొరికింది. సలోమి రెండు కాళ్లూ నా ఒడిలో పెట్టింది.

"ఇప్పుడు రాయమ్మా."

చీలమండ మీద ఐదు వేళ్లూ ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి. నూనె ఒంపుకున్నాను.

"పాస్టరుగారు అడిగితే ఏం చెబుతావు?"

"కడిగేశానని చెబుతాను."

"తిడతారేమో."

"తిట్టనీ. దొంగాటన్న మాట మాత్రం మనతో బస్సెక్కలేదు."

పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లే తల్లులు నూనె తప్పకుండా తీసుకెళ్లండి. మూత మాత్రం తిరుగు బస్సులోనే తియ్యండి.