లోపలికే తప్ప బయటికి రాని జేబు

మగవాడి బట్టలకున్న జేబులు లెక్కపెట్టడం మొదలుపెడితే పొద్దు గూకుతుంది. చొక్కాకు ఒకటి, ప్యాంటుకు నాలుగు, కోటుకు బయట మూడు, లోపల రెండు. ఆడదాని బట్టలకు ఒక్కటైనా ఉంటే గొప్ప. ఏ దేశం వెళ్లినా ఇదే తంతు. ఇన్ని జేబులుండి కూడా గుమ్మం దాటేముందు తాళంచెవి ఎక్కడుందని పెళ్లాన్నే అడుగుతారు, అది వేరే సంగతి. అసలు మనిషి గుట్టు మొహంలో కాదు, జేబులో ఉంటుంది. ఆ గుట్టు పురోహితుడికంటే, పోలీసుకంటే ముందు దర్జీకి తెలుస్తుంది.

కత్తెరమ్మకు అలాగే తెలిసింది. మెడలో నాడాకు కట్టుకుని తిరిగే కత్తెరే ఆమెకు ఆ పేరు తెచ్చింది. ముప్పై ఏళ్లుగా కోట్లు కుడుతోంది. కుట్టు ఊడిందని ఒక్క కోటు కూడా ఆమె గడప తొక్కలేదు. బట్ట చివికిపోయినా కత్తెరమ్మ కుట్టు మిగిలుంటుందని వీధిలో చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా విననట్టు నటించడం ఆమెకు మహా ఇష్టం.

లారీల స్టాండుకు ఎదురుగా, మెట్ల కింద గది ఆమె దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, ఒక ఇస్త్రీపెట్టె, గోడకు వేలాడే ఒక చొక్కా. ఆ చొక్కా మొగుడిది. స్టాండులో ఎవరి లారీకి ముందు లోడెత్తాలన్న గొడవ ఇవతలి వీధికీ అవతలి వీధికీ ఎప్పటినుంచో ఉంది. పదేళ్ల కిందట ఆ గొడవలో పేలిన తూటా, గొడవ ఊసే ఎత్తని ఆ మనిషికి తగిలింది. అప్పుడాయన కిటికీ దగ్గర కూర్చుని బొత్తాలు ఏరుతున్నాడు. చొక్కాకు పడిన చిల్లును కత్తెరమ్మ ఇప్పటికీ రఫూ చేయలేదు. చేతకాక కాదు.

ఇక ఆమెకు మిగిలింది తమ్ముడు. చంకనెత్తుకుని పెంచినవాడు, ఇప్పుడు లారీ తోలుతున్నాడు. ఒక సోమవారం కొత్త కోటు పని ఎంతవరకు వచ్చిందో చూసే మిషతో వచ్చాడు.

"అక్కా, లోపల ఎడమవైపు ఇంకో జేబు పెట్టు. కాస్త లోతుగా."

"దేనికి?"

"కళ్లజోడుకి."

"నువ్వు కళ్లజోడు ఎప్పట్నుంచి పెడుతున్నావురా?"

"పెడదామనుకుంటున్నా."

"అయితే ఆ కళ్లజోడు ఇలా తే. కొలత తీసుకోవాలి."

వాడు వీధి అటూ ఇటూ చూసి పిస్తోలు బల్లమీద పెట్టాడు. ఆమె మొహంలో ఒక్క ముడత కదల్లేదు. "గుళ్లు తీసి పెట్టరా, బల్లమీద గుడ్డలున్నాయి" అని, టేపుతో పొడవూ వెడల్పూ కొలిచి సుద్దముక్కతో రాసుకుంది.

"మన వీధిలో ఇంకెంతమందికి చూపు తగ్గింది?"

"ఇంకో ఐదుగురికి" అన్నాడు, నేల చూస్తూ.

విషయమేమిటంటే, శుక్రవారం ఉదయం స్టాండులో రాజీ మాటలున్నాయి. వీధికి ఆరుగురు చొప్పున కూర్చోవాలి, ఎవరూ ఆయుధం తేకూడదు. అది గట్టి ఒప్పందం. ఒప్పందం గట్టిదవడం వల్లే దొంగజేబులు అవసరమయ్యాయి.

వాడు వెళ్లాక కత్తెరమ్మ చొక్కా వంక చూసింది. కుట్టనంటే ఇంకొకరు కుడతారు. పోనీ, బయటికి తీసేలోపే తుపాకీ జారిపడేలా వదులు కుట్టు వేస్తే? పాతగుడ్డ మీద ప్రయత్నించింది. ముప్పై ఏళ్ల అలవాటు చేతులది. నాలుగు పోట్లు వదులుగా వేసి, ఐదోదానికి వాటంతటవే బిగించేస్తున్నాయి. "ఛీ, మీకు అబద్ధం కూడా చేతకాదు" అని చేతులనే తిట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది, చేపలు పట్టే బుట్ట. చేప లోపలికి హాయిగా దూరుతుంది, బయటికి రాబోతే పుల్లలు అడ్డుపడతాయి. జేబు మూతి లోపల కాన్వాసు నాలుకలు నాలుగు, కిందికి వాల్చి కుడితే? తుపాకీ నునుపుగా దిగుతుంది, లాగితే నాలుకలు పట్టేస్తాయి. మీటమీదికి వేలు పోకుండా మందపాటి పట్టీ ఒకటి. గట్టి కుట్టు ఎంత గట్టిదైతే అంత మంచిది! ఆమె చేతులకు సరిపడ్డ మోసం దొరికింది.

కానీ ఆనందం అరగంట కూడా నిలవలేదు. తమ్ముడి తుపాకీ ఇరుక్కుని, అవతలివాళ్లది చక్కగా బయటికొస్తే? వాణ్ణి స్వయంగా చావుకు పంపినట్టే.

అవతలి వీధి దర్జీని కాజాలావిడ అంటారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. "నీ కాజాలు వంకర" అని ఒకనాడు కత్తెరమ్మ అన్నది. అంతే, పదిహేనేళ్లుగా మాటల్లేవు. ఆ వీధివాళ్లకు పెద్ద ఆమె మొగుడే.

గుమ్మంలో కత్తెరమ్మను చూసి కాజాలావిడ సూది దించలేదు. "ఏం వదినా, దారి తప్పావా?"

"మీ ఆయనకు కళ్లజోడు జేబు పెట్టావా?"

కాజాలావిడ చెయ్యి ఆగింది. "మా ఆయనది సిగరెట్టు పెట్టె అట. బరువు కిలో పైనే ఉంది."

కత్తెరమ్మ నమూనా జేబు తీసి, అందులో ఊడిపోయిన ఇస్త్రీపెట్టె పిడి దూర్చి, లాగమంది. కాజాలావిడ లాగింది. కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. తర్వాత పడీపడీ నవ్వి, నవ్వు ఆపి, "బాగుంది. మా వాళ్లకు నేనిలా కుట్టి, మీ వాళ్లకు నువ్వు మామూలుది కుడితే?" అంది.

"నేనూ అదే అడగడానికొచ్చా."

"అయితే కోట్లు మార్చుకుందాం. మా ఆరుగురి జేబులు నువ్వు కుట్టు, మీ ఆరుగురివి నేను."

తమ్ముడి ప్రాణం వంకర కాజాల చేతిలో! అయినా కత్తెరమ్మ తలూపింది.

మిగతాదంతా పనివాళ్ల గుట్టు. నాలుకలను మడిచి, పోగు లాగితే ఊడొచ్చే కచ్చాకుట్టుతో అణచిపెట్టారు. గురువారం మగవాళ్లు కొలతలు సరిచూసుకోవడానికి వచ్చినప్పుడు జేబులు వెన్నలా పనిచేశాయి. "అక్కా, బంగారం నువ్వు!" అన్నాడు తమ్ముడు. "ఇస్త్రీ మిగిలుంది, పొద్దున తీసుకో" అంది ఆమె. శుక్రవారం తెల్లవారాక దర్జీలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చేతులు ఒకరు చూస్తూ, పన్నెండు కోట్లలోనూ కచ్చాపోగులు లాగేశారు.

పదింటికి మాటలు మొదలయ్యాయి, పదింబావుకు తిట్లు. బొత్తాలు ఊడితే కుట్టిపెడతామన్న నెపంతో దర్జీలిద్దరూ గేటు పక్కన బల్లమీద కూర్చున్నారు. ఎవడో ఎవడి తాతనో అన్నాడు. పన్నెండు చేతులు పన్నెండు కోట్లలోకి వెళ్లాయి.

వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి.

కాజాలావిడ మొగుడు ఎంత బలంగా గుంజాడంటే చంక దగ్గర కుట్టు టర్రున విడిపోయింది. జేబు కత్తెరమ్మది, చంక కుట్టు మాత్రం కాజాలావిడదే. చంకే ఇలా ఊడితే, అదే చెయ్యి కుట్టిన తమ్ముడి జేబు గతేమిటి అనుకుంది కత్తెరమ్మ. వాడు పళ్లు బిగించి లాగుతున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి కోటంతా పైకి లేచి తల కప్పేసింది, జేబు మాత్రం చెక్కుచెదరలేదు.

స్టాండు వెనక గోడకు కాంక్రీటు పోస్తున్న ఆడకూలీలు ముందు నవ్వారు. "అయ్యో, అందరికీ ఒకేసారి గజ్జి పట్టిందేంటమ్మా!" అని వాళ్లలో పెద్దామె గట్టిగా అనేసరికి లారీల మీదున్నవాళ్లూ అందుకున్నారు. కోటులో చెయ్యి పెట్టి గుంజుకుంటున్న మనిషి ఎంత కోపంగా చూసినా భయం వేయదు.

"కోట్లు విప్పి ఇస్తే కత్తిరిస్తాం. జేబులు మావి, కోట్లు మీవి" అంది కత్తెరమ్మ, నాడా సవరించుకుంటూ. ముందుగా తమ్ముడే విప్పాడు. జేబులు జేబులుగానే, లోపలి సరుకుతో సహా, తడి కాంక్రీటులోకి వెళ్లాయి.

తమ్ముడి జేబు ఒక్కటి మాత్రం ఆమె కాంక్రీటులో వేసేముందు వెలుతురులోకి తిప్పి చూసింది. కుట్టు పక్కనే వరసగా ఖాళీ సూదిచిల్లులు. కుట్టి, ఊడదీసి, మళ్లీ కుట్టి, మళ్లీ ఊడదీసి, మూడోసారి వేసిన కుట్టు అది. తన మొగుడి కోటు చంకను ఒక్కసారి కుట్టిన మనిషి, ఎదుటి వీధి కుర్రాడి జేబును మూడుసార్లు కుట్టింది.

"ఏం వదినా, ఎక్కడైనా ఊడిందా?" అంది కాజాలావిడ, మొగుడి కోటు చంక పట్టుకుని.

కత్తెరమ్మ జేబును తడి కాంక్రీటులోకి జారవిడిచింది.

"లేదు" అంది. "ఆ చంక ఇలా ఇవ్వు, నేను కుడతా. కాజాలు మాత్రం ఇంకా వంకరే."