టీపాయ్‌కు పడ్డ తిట్లు

వరహాలబాబన్నకున్న పిచ్చి ఒక్కటే. మనిషికి దెబ్బ తాకితే, ఆ తాకిన వస్తువును పట్టుకొని తిడ్తడు.

నేనూ ఆయనా సికింద్రాబాద్‌ల ఒక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డుల పనిచేస్తం. డాక్టర్లం కాదు, నర్సులం కాదు. దెబ్బలతోని వచ్చినోళ్లను ఎక్కడ పడ్డరు, ఎట్ల పడ్డరు, ఏం తాకింది అని అడిగి ట్యాబ్‌ల ఎక్కిస్తం. ఏ రోడ్డు మీద ఎక్కువ పడుతున్నరో, ఇంట్ల ఏది ఎక్కువ తాకుతున్నదో తెలిస్తే ఎవరన్న బాగుచేస్తరని ఆశ.

నేను పద్ధతిగ అడుగుత. "పడ్డ" అని ఒక్క ముక్క చెప్పి మూతి బిగిస్తరు. అదే మనిషి దగ్గరికి వరహాలబాబన్న పోతడు. విజయనగరం దిక్కు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌ల ఇల్లు కట్టుకొని ఇన్నేండ్లయినా ఆయన యాస పోలే. "నిచ్చెన జారిందేటి? దానికి బుద్ధుందా? పెద్దాయన ఎక్కాడని చూసుకోవద్దా?" అన్నడు ఒకసారి ఒకాయనతోని. అప్పటిదాక మూలిగినాయన కిసుక్కున నవ్వి, నిచ్చెన ఎక్కడ కొన్నడో, దాన్ని పట్టుకుంటనని ఎవరు పట్టుకోలేదో మొత్తం చెప్పిండు. కుట్లు విప్పించుకునే రోజు ఆ నిచ్చెననే భుజం మీద మోసుకొచ్చిండు. సెక్యూరిటీవాళ్లు లోపలికి రానియ్యకపోతే, బాబన్ననే గేటు దాక పోయి తిట్టొచ్చిండు. బేగంపేటల లిఫ్టు తలుపుల వేలు నలిగిన ఇంకొకాయన ఫోన్ల తలుపు ఫొటో తెచ్చి, జెర దీన్ని సుత తిట్టుమన్నడు.

నాకు కుళ్లు. దాచుడెందుకు, మస్తు కుళ్లు. కట్టు మార్పించుకోను వచ్చినోళ్లంత ఆ తిట్టే సార్ లేడా అని నన్నే అడుగుతరు. మా వార్డు డాక్టర్ క్యారల్ గారైతే, వరహాలబాబు రాసింది చూసి నేర్చుకో ఊర్మిళా అంటది. ఒకరోజు నేను సుత ట్రై చేసిన. బండి స్కిడ్డయి మోకాలు పగిలినాయనతోని, దిక్కుమాలిన బండి అన్న. కొత్త బండి మేడమ్, ఏమనకుర్రి అని మొఖం తిప్పుకున్నడు.

మొన్న మధ్యాహ్నం అల్వాల్ నుంచి ఎల్లమ్మ అనే పెద్దమ్మ, ఆమె కొడుకు విజయేందర్, ఆయన మూడేండ్ల కొడుకు వచ్చిన్రు. పిల్లగాని గడ్డం పగిలి కుట్లు పడ్డయి. విజయేందర్ తల్లి మొఖం చూస్తలేడు. రేపటి నుంచి పిల్లగాన్ని క్రెష్‌ల వేస్తనని, ఆమె చూసింది చాలని అంటున్నడు. ఎల్లమ్మ కొంగు నోట్లె కుక్కుకొని గోడకు ఆనుకొని నిలబడ్డది. పొద్దంత ఆ పిల్లగానితోనే ఆమెకు లోకమని చూస్తేనే తెలుస్తున్నది.

నేను ట్యాబ్ తీసి వరుసల ఉన్న ప్రశ్న అడిగిన. "ఆ టైంల బాబు దగ్గర ఎవరున్నరు?"

అందరూ ఎల్లమ్మ దిక్కు చూసిన్రు. నా నోట్ల మన్నువడ.

వరహాలబాబన్న వచ్చి పిల్లగాని పక్కన కూసున్నడు. ఏం తాకిందో కనుక్కొని, "టీపాయా? మూలలు అంత పదునుగా ఉంచుకోమని ఎవరు చెప్పారే నీకు?" అని అక్కడ లేని టీపాయ్‌ను దులిపేసిండు. పిల్లగాడు కండ్లనీళ్లతోనే నవ్విండు. అప్పుడాయన విజయేందర్ గడ్డం దిక్కు చూసిండు. అక్కడ సుత ఒక పాత మచ్చ. అదెలాగయ్యిందమ్మా అని ఎల్లమ్మను అడిగిండు.

"చిన్నగున్నప్పుడు కడప తాకింది సార్."

"కడప ఎందుకెళ్ళారు అంత దూరం?"

"ఊరు కాదు సార్. దర్వాజ కింద ఉంటది చూడు, ఆ కడప."

చెప్తనే ఎల్లమ్మ నవ్వింది. విజయేందర్‌కు సుత నవ్వు ఆగలే.

"ఓహో, గడపా. అప్పుడీయన్ని ఎవరు చూస్తున్నారు?"

"మా అత్త, వీని నాయినమ్మ."

"ఆవిణ్ణేటన్నారు?"

"ఆమెనెందుకంటం సార్? కడపను రెండు దెబ్బలు కొట్టినం."

విజయేందర్ గడ్డం మీది మచ్చ రుద్దుకున్నడు. తర్వాత పిల్లగాన్ని ఎత్తి తల్లి చేతులల్ల పెట్టి, పోతపోత ఆ టీపాయ్ మూలలకు రబ్బరు కొనుక్కపోదామన్నడు. క్రెష్ మాట మళ్ల ఎత్తలే.

ఇన్ని దినాలు సామాన్లను తిట్టుడు ఆయన పిచ్చి అనుకున్న. దెబ్బ తాకినకాడ తిట్టు ఎవరికో ఒకరికి పడాలె కద, అది మనిషికి పడకుండ ఆయన టీపాయ్‌కు మళ్లిస్తున్నడు. ఈ తెలివి నాకెందుకు రాలేదని మళ్ల కుళ్లుకున్న.

పోయేటప్పుడు పిల్లగాడు నాయినమ్మ భుజం మీదికెల్లి బాబన్నకు టాటా చెప్పిండు. నేను సుత చెయ్యి ఊపిన. నన్ను చూసి మొఖం దాచుకున్నడు.