గంప కడిగే వేళ

"నా నోటివల్ల ఇంకెవరికైనా నొప్పి మిగిలిందంటావా, అమ్మాయ్?"

"లేదత్తా."

మా అత్తగారితో నా ఆఖరి మాటలివి. రోజూ గోదావరిలో చేపల గంప కడుగుతూ ఆమె తనను తాను ఇదే ప్రశ్నించుకునేది.

వేటకు వెళ్లేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. సద్ది మరిచాడని మా ఆయన్ని పిలిచాను. ఆయన పడవ తిరిగిరాలేదు.

"నా కొడుకును మింగింది, వెళ్లగొట్టండి" అని అత్తగారే కులపెద్దల్ని రప్పించింది. నేను మూట కట్టుకున్నాను. ఇంతలో గంప కడగబోయిన ఆమె, కడగకుండానే పరుగున వచ్చింది.

"ఆగండయ్యా! పిలవమని దానికి చెప్పింది నేనే. పంపితే నన్ను పంపండి."

పెద్దలు లేచిపోయారు. నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

"నువ్వూరుకోవే అమ్మా" అని ఆ రోజు, తప్పు ఒప్పుకుంటున్న ఆమెకు అడ్డుపడి అరిచింది, ఇప్పుడిది రాస్తున్న నువ్వే కదా, మరిదీ? అదీ రాశావా? ఏదీ, చదివి వినిపించు.