నాన్న సైకిల్ మీంచి పడ్డాడు

జర్మనీకి వచ్చిన ఇన్నేళ్లలో నేను చెయ్యి చేసుకున్నది రెండుసార్లు. ఒకసారి నా కూతురి మీద, ఒకసారి నగర సభ వాళ్ల బోర్డు మీద. రెండోదానికి ఎనిమిది నిమిషాల్లో పోలీసులొచ్చారు. మొదటిదానికి ఎవరూ రాలేదు. నన్ను ఇప్పటికీ వదలనిది అదే.

మేముండేది సాక్సనీలో ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. చెప్తే అక్కడ మంచివాళ్లు కూడా ఉన్నారని ఇంకో నాలుగు పేజీలు రాయాల్సి వస్తుంది, నాకంత ఓపిక లేదు. మా అపార్ట్‌మెంట్లకీ పాప బడికీ మధ్య రైలు పట్టాలున్నాయి. పట్టాల కింద నడిచే వాళ్ల కోసం ఒక సొరంగం. తెల్ల టైల్స్, మూత్రం వాసన, ఆరు దీపాల్లో వెలిగేవి రెండు. చుట్టు తిరిగి వెళ్లాలంటే ముప్పావుగంట పడుతుంది. కాబట్టి అందరం ఆ సొరంగంలోంచే వెళ్తాం.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. బడి అయ్యాక పిల్లల్ని ఉంచుకునే హోర్ట్ నుంచి పాపని తీసుకుని మా ఆయన వస్తున్నాడు. ఎదురుగా ముగ్గురు, చేతుల్లో బీరు సీసాలు. ఒకడు పాప వీపు మీదున్న బడి సంచి పట్టుకుని వెనక్కి లాగాడు. పిల్ల వెల్లకిలా పడింది. మా ఆయన దాన్ని లేపడానికి వంగాడు. వంగిన మనిషిని సీసాతో చెవి మీద కొట్టారు. సీసా పగల్లేదు, చెవి పగిలింది. జుట్టు పట్టుకుని తల టైల్స్‌కేసి కొట్టారు. కింద పడ్డాక బూట్లతో పక్కటెముకల మీద తన్నారు. ఎన్ని తన్నులో ఆయనకి గుర్తులేదు. పాపకి గుర్తుంది. దానికప్పుడు ఎనిమిదేళ్లు, ఏం కనిపించినా లెక్కపెట్టే వయసు. పదకొండు అని చెప్పింది.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయన చొక్కా కాలరు నుంచి బెల్టు దాకా ఎర్రగా ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. నాకు మొదట ఏడుపు రాలేదు, చంపాలనిపించింది. ఎవరినో తెలియదు. వంటింట్లో పచ్చడి బండ ఉంది, దాన్ని తీసుకుని ఆ సొరంగంలోకి పోవాలనిపించింది.

ఈలోగా ఫోన్లో మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు మోగడం మొదలైంది. అయ్యో పాపం అన్నవాళ్ల వెనకాలే ఇంకో మాట వచ్చింది. పోలీసు కేసు పెడితే మన పేరు సిస్టమ్‌లోకి ఎక్కుతుంది, పర్మనెంట్ రెసిడెన్సీ ఫైలు ఆపేస్తారు, జాగ్రత్త. ఎవరు చెప్పారు, ఎవరికలా జరిగింది అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. మా ఫైలు విదేశీయుల ఆఫీసులో ఉంది, ఫిబ్రవరిలో టెర్మిన్, అంటే మమ్మల్ని రమ్మన్న తేదీ.

మా ఆయనది కరీంనగర్. వాచిన పెదవుల్లోంచి మాట సగం సగం వచ్చింది. "కేసు గీసు వద్దు. ఫిబ్రవరిల టెర్మిన్ ఉన్నది. ఆగమైతం."

"మరి డాక్టర్ అడిగితే ఏం చెప్పను?"

"సైకిల్ మీంచి పడ్డడని చెప్పు."

చెప్పాను. డాక్టర్ ఆయన పక్కటెముకల మీద బూటు అచ్చు చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. అప్పుడాయన పాప వైపు తిరగబోతే పాపకి బాత్రూమని చెప్పి బయటికి లాక్కొచ్చాను.

కారిడార్‌లో గోడకి ఆనించి నిలబెట్టి, ఎవరడిగినా నాన్న సైకిల్ మీంచి పడ్డాడని చెప్పమన్నాను. అది నాతో తెలుగులో మాట్లాడటం ఎప్పుడో మానేసింది. జర్మన్‌లో అంది, అది నిజం కాదు కదా అని. ఇంకోసారి చెప్పమన్నాను. నిజం కాదంది. చెంప మీద కొట్టాను. చిన్నగా కాదు. దాని టోపీ ఎగిరి కింద పడింది. నా కుడి అరచెయ్యి మండింది. ఆ ముగ్గురి మీద వేయలేని చెయ్యి దాని మీద వేశాను, ఆ సంగతి వేస్తున్నప్పుడే నాకు తెలుసు.

పాప టోపీ తీసుకుని పెట్టుకుంది. "పాపా ఇస్ట్ ఫోమ్ ఫారాట్ గెఫాలెన్," అంది. నాన్న సైకిల్ మీంచి పడ్డాడు. ఒక్క తప్పు లేదు. బాగా చెప్పావని తల నిమిరాను.

జనవరిలో పోస్టు డబ్బాలో నగర సభ నుంచి రంగుల కాగితం వచ్చింది. ఊరి వీధులు, దారులు ఎలా ఉండాలో పౌరులతో సంప్రదింపులట. మీ అభిప్రాయం మాకు ముఖ్యం అని పెద్ద అక్షరాలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫిర్యాదు చేయకుండానే ఆ సొరంగం సంగతి తేల్చొచ్చు అనుకున్నాను.

పై అంతస్తులో డెబ్బై దాటిన ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. మెట్ల మీద కాగితం చూపిస్తే నవ్వింది. "బెర్లిన్ గోడ కూలకముందు నుంచీ నేను ఇలాంటి వాటికి వెళ్తున్నాను. అప్పుడు వాళ్లు చెప్పినదానికి చప్పట్లు కొట్టేవాళ్లం. ఇప్పుడు మనం చెప్పినదానికి వాళ్లు చప్పట్లు కొడతారు. కేకు మాత్రం ఇప్పుడే బాగుంటుంది," అంది.

మా ఆయనా అంతే. "అడుగుతరు, రాసుకుంటరు, ఇంటికి పోతరు. ఏమైతది?"

"అందరూ ఇలా మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందిలే," అన్నాను. నాది కాకినాడ. మా వీధి కుళాయి కోసం మా అమ్మ ఆఫీసుల చుట్టూ తిరగడం చూస్తూ పెరిగాను. వినతిపత్రం ఒక్కటే ఉండాలి, దాని కింద సంతకాలు బారెడు ఉండాలి అనేది అమ్మ. ఆఫీసరు రాత చూడడు, సంతకాల పొడవు చూస్తాడు. నలుగురూ నాలుగు కాగితాలు పట్టుకెళ్తే మనలో మనకే పొత్తు లేదనుకుంటాడు.

అలాగే చేశాను. తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగి ఒక్క కాగితం మీద ఇరవైమూడు సంతకాలు పెట్టించాను. సొరంగంలో చీకటిగా ఉంటుంది, భయంగా ఉంటుంది, దీపాలు వేయండి, కెమెరా పెట్టండి. మంచి జర్మన్‌లో రాశాను. మా ఆయన్ని కొట్టిన సంగతి మాత్రం రాయలేదు. ఫిబ్రవరి టెర్మిన్ ఇంకా రాలేదు మరి.

సంప్రదింపుల రోజు నగర సభ హాలు గుమ్మం దగ్గర ఒక్కొక్కరి చేతిలో ఐదేసి ఎర్ర చుక్కల స్టిక్కర్లు పెట్టారు. గోడకి ఊరి పటం పెద్దది తగిలించి ఉంది. ఎక్కడ ఏం మార్చాలో అక్కడ చుక్క అంటించాలి. జర్మన్లు వరసలో నిలబడి శ్రద్ధగా అంటించారు. మావాళ్లు మాత్రం మన కాగితం ఉందిగా అని చుక్కలు జేబుల్లో వేసుకున్నారు. నా ఐదూ పాప తన కోటుకి గుండీల్లా అంటించుకుంది. ఆకుపచ్చ కళ్లద్దాల అధికారిణి మా కాగితం మొత్తం చదివింది, చాలా బాగా రాశారంది, బోర్డుకి పిన్ను పెట్టి గుచ్చింది. గుచ్చి, సొరంగం దగ్గర ఒక చుక్క అంటించింది. నేను థాంక్స్ కూడా చెప్పాను.

ఫిబ్రవరిలో టెర్మిన్ పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత ఒక లాయరు చెప్పాడు, దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు చేస్తే ఫైలు ఎందుకు ఆగుతుంది, మీకెవరు చెప్పారండీ అని. అప్పటికి మా ఆయన ఎడమ చెవి వినికిడి పోయి తిరిగి రాలేదు. అటు పక్కనుంచి పిలిస్తే పలకడు. పాప సొరంగంలోకి అడుగుపెట్టగానే రెండు చేతులతో చెవులు మూసుకుని అవతలి మెట్ల దాకా అలాగే నడిచేది. రోజుకి రెండుసార్లు.

ఏప్రిల్‌లో ఫలితాలు చెప్పడానికి రెండో సమావేశం పెట్టారు. పాపని పక్కింట్లో వదిలి మేమిద్దరం వెళ్లాం. ఆకుపచ్చ కళ్లద్దాలావిడ తెర మీద చూపిస్తూ పోయింది. సైకిల్ స్టాండ్లకి నలభై ఒక్క చుక్కలు. కుక్కల పెంట సంచులకి ముప్పై. సొరంగం చివరలో వచ్చింది. ఒక్క చుక్క. దాని పక్కన రెండు వాక్యాలు. ఇది కొందరి వ్యక్తిగత భయం. పోలీసుల రికార్డుల్లో అక్కడ ఏ ఘటనా లేదు. కాబట్టి వాతావరణం ఆహ్లాదంగా ఉండటానికి బడిపిల్లలతో టైల్స్ మీద బొమ్మలు వేయిస్తామని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

లేచి నిలబడ్డాను. "ఆ టైల్స్‌కేసి నా భర్త తల కొట్టారు. చెవి పగలగొట్టారు. నా కూతురు చూస్తుండగా తన్నారు. మీ రికార్డులో లేదంటే ఆసుపత్రిలో నేను అబద్ధం చెప్పాను కాబట్టి. కాగితం మీద ఇరవైమూడు మంది సంతకాలున్నాయి, మీరు ఒక్క చుక్క పెట్టారు."

ఆవిడ ముఖంలో నిజంగానే జాలి ఉంది, అది కాదనను. "చాలా బాధాకరం. మీరు ఫిర్యాదు చేశారా?"

"లేదు."

"అయితే మా దగ్గర సమాచారం లేనట్టే కదా. కాగితం ఒక అభిప్రాయం కింద వస్తుంది. తర్వాతి విడత సంప్రదింపుల్లో మీరు తప్పకుండా పాల్గొనండి."

తర్వాతి విడత అన్న మాట దగ్గర నా ఒళ్లు మండిపోయింది. పక్కనే నిలబెట్టిన బోర్డుని రెండు చేతులా పట్టి లాగాను. అది కాఫీ బల్ల మీద పడింది. గాజు కూజాలు పగిలి వేడి కాఫీ నేల మీద పారింది. కింద పడ్డ బోర్డుని బూటుతో తన్నాను. చెక్క విరిగింది. మళ్లీ తన్నాను. పదకొండు తన్నాలనుకున్నాను, పైకే లెక్కపెడుతున్నాను, తెలుగులో. నాలుగో తన్నుకి మా ఆయన వెనకనుంచి పట్టుకున్నాడు. బోర్డుని లేపబోయిన ఆవిడ అరచెయ్యి గాజుపెంకుకి తెగి రక్తం మోచేతి దాకా కారింది. ఆవిడ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ ముగ్గుర్ని చూసి నా కూతురు కూడా అలాగే వెనక్కి వేసి ఉంటుంది. అప్పుడు ఆగాను.

పై అంతస్తావిడ కేకు ప్లేటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. "ఇన్నేళ్లలో ఒక సమావేశంలో ఏదన్నా జరగడం ఇదే మొదటిసారి," అంది పక్కావిడతో.

పోలీసులు నా వివరాలు రాసుకున్నారు. ఆ సంప్రదింపుల తర్వాత మా ఊళ్లో నేను చూసిన మార్పులు రెండు. సొరంగంలో పొద్దుతిరుగుడు పూల బొమ్మలు వేశారు. సమావేశాల గుమ్మం దగ్గర ఒక సెక్యూరిటీ మనిషిని పెట్టారు. వెలిగే దీపాలు ఇప్పటికీ రెండే.

ఆ రోజు వచ్చినవాళ్లలో ఒక పెద్దవయసు పోలీసు మా ఆయన కథంతా విన్నాడు, కుడి చెవి వైపు నిలబడి మాట్లాడాడు. ఇది నేరం, ఇప్పుడైనా కేసు పెట్టొచ్చు, కానీ ఆసుపత్రి కాగితంలో సైకిల్ అని ఉందే, చూసినవాళ్లెవరన్నా ఉన్నారా అని అడిగాడు. పాప ఉందన్నాం. రేపు తీసుకురండి, పిల్లలతో మాట్లాడటం తెలిసిన మనిషి ఉంది, నిదానంగా అడుగుతుంది, రికార్డులోకి ఎక్కితే నగర సభ కూడా తప్పించుకోలేదు అన్నాడు. అన్ని నెలల్లో మొదటిసారి ఏదో జరుగుతుందని నమ్మకం కలిగింది.

మర్నాడు పొద్దున దారిలో పాపకి చెప్పాను. "ఆ ఆంటీ అడుగుతుంది. ఏం జరిగిందో అదే చెప్పు తల్లీ. నిజం చెప్పు." తలూపింది. సొరంగంలో చెవులు మూసుకుని నడిచింది.

ఆ గదిలో బొమ్మలు, రంగు పెన్సిళ్లు ఉన్నాయి. పోలీసామె నేల మీద పాప పక్కన కూర్చుంది. నన్ను కాస్త దూరంగా కుర్చీలో కూర్చోమంది. డిసెంబరులో సొరంగంలో నాన్నకి ఏమైందో చెప్తావా అని మెల్లగా అడిగింది.

"పాపా ఇస్ట్ ఫోమ్ ఫారాట్ గెఫాలెన్."

"నిజం చెప్పమ్మా," అన్నాను కుర్చీలోంచి. పోలీసామె నన్ను మాట్లాడొద్దంది. ఇంకోలా అడిగింది, అక్కడ ఇంకెవరన్నా ఉన్నారా అని. లేరు, నాన్న సైకిల్ మీంచి పడ్డాడు అంది. మూడోసారి అడిగింది. అదే మాట, అదే గొంతు, ఒక్క తప్పు లేదు.

పోలీసామె అది ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. పాప జవాబులు చెప్తున్నంతసేపూ నా ముఖం వైపు చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న నా కుడిచేతినే చూస్తూ కూర్చుంది.