సులోచన పొద్దుటి నడక

జనగామలో నూనె, బెల్లం టోకున అమ్మే రామచంద్రం భార్య సులోచనకు నలభై దాటగానే మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఎద మీద బరువు పెట్టినట్టుండేది. ఆమె తల్లి, పెద్దక్క కూడా నడివయసులోనే ఎద పట్టుకుని కూలి ప్రాణాలు విడిచారు. ఇక తన వంతేనని లోలోపల కుమిలిపోయింది. గుండెజబ్బు మగవాళ్ళకే వస్తుందని ఇంట్లో అందరి నమ్మకం, ఎవరికి చెప్పుకోవాలి?

నిజాం రాజ్యంపై పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆమె వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడింది. రామచంద్రం హడలిపోయి రైల్లో వరంగల్ దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గుండె చప్పుడు విని, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. పాన్‌లో జర్దా పొగాకు నమిలే అలవాటుందని కూడా అడిగి తెలుసుకుంది.

"గుండె ఇంకా బాగనే ఉన్నది. రక్తపోటే ఎక్కువున్నది. జర్దా మానెయ్. ఉప్పు, తొక్కులు, నూనె వంటలు తగ్గియ్యి. రోజూ పొద్దున నడువు."

"మా ఇండ్లల్ల ఆడోళ్ళు బజార్ల నడుస్తరా?" అన్నాడు రామచంద్రం.

"బజార్ల వద్దంటే చేన్ల పొంటి నడువుమను."

అన్నిటికంటే జర్దా మానడమే కష్టమైంది. ఊరికే అందరి మీదా విసుక్కునేది, సోంపు నములుతూ ఓర్చుకునేది. చప్పటి కూర చూసి భర్త కంచం పక్కకు నెడితే తొక్కు జాడీ ఆయన ముందు పెట్టి, తాను మాత్రం ముట్టలేదు.

గోదాములో ధాన్యం చెరిగే ఎల్లక్కను తోడు తీసుకుని పొద్దున్నే ఊరి బయట చేల వెంట నడిచేది. ఒకనాడు గస్తీ సిపాయిలు ఇద్దరినీ ఆపారు. దాక్కున్న కమ్యూనిస్టు సంఘపోళ్ళకు బువ్వ మోస్తున్నారని వాళ్ళ అనుమానం. ఎల్లక్క సులోచన వెనక్కి జరిగింది. సులోచన ఖాళీ చేతులు చూపించి, దుకాణంలో విని నేర్చుకున్న ఉర్దూలో, గుండె కోసం డాక్టరు నడవమన్నదని చెప్పింది. వాళ్ళు నమ్మీ నమ్మక వెనక్కి పంపేశారు.

"ఇగ చాలు, ఇంట్లనే ఉండు," అన్నాడు రామచంద్రం.

"ఇంట్ల కూసుంటే మా అవ్వ, అక్కల గతే నాకు. అంత భయమైతే మీరు గూడ రాండ్రి."

ఆయన నిజంగానే వచ్చాడు. నల్ల టోపీ పెట్టుకుని ముందు నడిచేవాడు. సావుకారును చూసి సిపాయిలు మళ్ళీ ఆపలేదు. కొన్నాళ్ళకు ఆయన పొట్ట కూడా తగ్గింది. చప్పటి కూర అడిగి మరీ వడ్డించుకున్నాడు.

మరుసటి ఎండాకాలం మళ్ళీ వరంగల్ వెళ్ళారు. డాక్టరమ్మ రక్తపోటు రెండుసార్లు చూసి నవ్వింది.

"మస్తు తగ్గింది. గిట్లనే నడువు. భయపడకు."

సులోచనకు కన్నీళ్ళు ఆగలేదు. ఎన్నో ఏళ్ళకు నిండుగా ఊపిరి పీల్చుకుంది. స్టేషన్‌లో భర్త జనగామకు టికెట్ తీయబోతే చెయ్యి పట్టి ఆపింది.

"మానుకోటకు తియ్యుండ్రి. ఆడున్న మా చెల్లె కనకమ్మకు గూడ జర్దా అలవాటున్నది. దాన్ని గూడ డాక్టరమ్మకు చూపిద్దాం."

రామచంద్రం మానుకోట టికెట్ల కోసం వరసలో నిలబడ్డాడు.